రోడ్డుకూ ట్రాకుకూ ఒకే బ్రేకు ప్యాడ్లు సరిపోతాయా? ఐదో ల్యాపులో పెడల్ దిగిపోయింది

మియాపూర్_ఆర్‌ఎస్
నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. ఇప్పటికి 58,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లేది ఇందులోనే, పండక్కి అమ్మానాన్నలను ఒంగోలు తీసుకెళ్లేదీ ఇందులోనే. పోయిన నెల మొదటిసారి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు తీసుకెళ్లాను. మొదటి మూడు ల్యాపులు ఎంతో హాయిగా సాగాయి. నాలుగో ల్యాపులో పెడల్ మునుపటి కన్నా కాస్త లోతుకు వెళ్తున్నట్టు అనిపించినా, కాలి అలసట అనుకుని పట్టించుకోలేదు. ఐదో ల్యాపులో స్ట్రెయిట్ చివర కాలు పెట్టేసరికి పెడల్ దాదాపు కింది మ్యాటు దాకా దిగిపోయింది. గబగబా రెండుసార్లు తొక్కాక కొంత పట్టు దొరికింది కానీ, అప్పటికే మలుపు దాటిపోవడంతో కారు నేరుగా మట్టిలోకి పోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కారు మీద గీత కూడా పడలేదు.

చల్లారాక చక్రం విప్పి చూస్తే, చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కి పట్టే ముందు ప్యాడ్ల అంచులు మాడిన అప్పడంలా పెళుసుబారి, వేలితో నొక్కితే రాలిపోతున్నాయి. డిస్కు మీద నీలిరంగు చారలు పడ్డాయి. ఇవి కారుతో వచ్చిన రకం ప్యాడ్లే. మళ్లీ ట్రాకుకు వెళ్లాలని ఉంది, అయితే వెళ్లడానికి ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు, తిరిగి రావడానికి అంతే దూరం ఇదే కారును నడపాలి. రెండింటికీ పనికొచ్చే ప్యాడ్లు ఏవి కొనాలో, అసలు అలాంటివి ఉన్నాయో లేదో అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆటోనగర్_పానా
ప్యాడ్ల సంగతి తర్వాత చూద్దాం. పెడల్ మెత్తగా దిగిపోయిందా, లేక రాయిలా గట్టిగా ఉండి కారు ఆగలేదా? బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్పించారు? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా ప్యాడ్ల పేర్లు చెప్పడం డబ్బు దండగ.

మియాపూర్_ఆర్‌ఎస్
మెత్తగానే దిగింది. స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉంది. సర్వీసు పుస్తకం తీసి చూస్తే, ఆయిల్ మార్చి మూడేళ్ల నాలుగు నెలలు అయింది.

ఆటోనగర్_పానా
అయితే మిమ్మల్ని మట్టిలోకి తోసింది ప్యాడు కాదు, ఆయిల్. ప్యాడు చేతులెత్తేస్తే పెడల్ పైనే గట్టిగా ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా కారు మాత్రం ఆగదు. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరిని నొక్కితే అణుగుతుంది కనుక పెడల్ దిగిపోతుంది, రెండుసార్లు కొడితే కొంచెం పైకి వస్తుంది. మీరు చెప్పిన లక్షణం అక్షరాలా ఇదే.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణపు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి. అందులో 3.7 శాతం నీరు చేరాక కనీసం 155 ఉంటే చాలని ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడేళ్లు దాటిన ఆయిల్ ఆ రెండో అంకెకు దగ్గర్లో ఉంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ తేడా మీ కాలికి ఎప్పటికీ తెలియదు. ట్రాకు మీద ఐదో ల్యాపులో తెలిసింది. మా ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా లారీల బ్రేకులు, కార్ల బ్రేకులు చేస్తున్నాను. బ్రేకు పోయిందని వచ్చే కార్లలో, ప్యాడు బాగానే ఉండి ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉన్నవి చాలా చూశాను.

ఆస్టిన్_86
పానా గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాకపోతే మియాపూర్ గారి ప్యాడ్లు నిర్దోషులని మాత్రం అనలేం. అంచులు రాలిపోతున్నాయంటే, ప్యాడులోని పొడులను పట్టి ఉంచే రెసిన్ కాలిపోయిందని అర్థం. అంటే ఆయిల్, ప్యాడు రెండూ తమ హద్దు దాటాయి, వాటిలో ఆయిల్ ముందు లొంగిపోయింది. కొత్త ఆయిల్ పోసి అవే ప్యాడ్లతో వెళ్లి ఉంటే, ఏడో ల్యాపులోనో ఎనిమిదో ల్యాపులోనో పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోయేది.

నేను టెక్సాస్‌లో టయోటా జీఆర్86 నడుపుతాను, మా ఊళ్లోని అమెరికాస్ సర్క్యూట్‌కు ఏడాదికి ఐదారుసార్లు వెళ్తాను. దాని పొడవు 5.513 కిలోమీటర్లు, 20 మలుపులు. వెనక స్ట్రెయిట్ దాదాపు కిలోమీటరు పొడవు ఉండి, దాని చివర పన్నెండో మలుపు దగ్గర బ్రేకుల అసలు సత్తా బయటపడుతుంది. నా అనుభవంలో ఒకే ప్యాడుతో రెండు పనులూ చేయించాలని చూసినవాళ్లు చివరికి రెండు సెట్లు కొన్నారు. నేనూ అంతే.

తిరుపతి_కొండదారి
నాకొక సందేహం. తిరుమల ఘాట్ దిగేటప్పుడు నలభై నిమిషాల పాటు బ్రేకు వాడుతూనే ఉంటాం. కొత్తగా నడిపేవాళ్ల చక్రాల నుంచి కాలిన వాసన రావడం రోజూ చూస్తుంటాను. అంతసేపు వాడినా చాలామందికి ఏమీ కాదు. మరి ట్రాకు మీద ఐదు ల్యాపులకే, అంటే పదిహేను నిమిషాల లోపే ఎలా మరిగిపోయింది?

వరంగల్_లోహశాస్త్రం
కొండదారి గారి ప్రశ్న చాలా విలువైనది, లెక్క వేసి చూపిస్తాను. మనిషితో కలిపి కారు బరువు 1,500 కిలోలు అనుకుందాం. దాదాపు 700 మీటర్ల ఎత్తు నుంచి కొండ దిగితే వదిలించుకోవలసిన శక్తి సుమారు 103 లక్షల జౌళ్లు. నలభై నిమిషాల్లో పంచితే సగటున నాలుగున్నర కిలోవాట్ల లోపే వస్తుంది. అందులోనూ గేరు తగ్గించి దిగితే ఇంజను కొంత మోస్తుంది, గాలి కొంత మోస్తుంది.

ఇప్పుడు ట్రాకు చూడండి. అదే కారు గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గాలంటే వదిలించుకోవలసిన గతిజ శక్తి సుమారు 12.7 లక్షల జౌళ్లు. కొండ మొత్తంతో పోలిస్తే ఇది ఎనిమిదో వంతే. అయితే ఇదంతా మూడు సెకన్లకు కాస్త పైబడిన సమయంలోనే జరిగిపోతుంది. అంటే 400 కిలోవాట్లు. మియాపూర్ గారి ఇంజను గరిష్ఠ శక్తి దాదాపు 170 కిలోవాట్లు. ఆ ఇంజను వేగం పెంచగలిగే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ శక్తితో బ్రేకులు వేగం తగ్గిస్తున్నాయన్నమాట. ఇందులో డెబ్భై శాతం ముందు చక్రాలదనుకుని, ఒక్కో డిస్కు ఎనిమిది కిలోల పోత ఇనుము అనుకుంటే, ఒక్క బ్రేకుకు డిస్కు ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారేలోపు మరో మలుపు వస్తుంది, ఆ తర్వాత ఇంకొకటి. ఒక్కో ల్యాపులో మిగిలిపోయిన వేడి మీద తరువాతి ల్యాపు వేడి పేరుకుంటుంది. నాలుగు ల్యాపులు బాగుండి ఐదోది బాగోలేకపోవడానికి కారణం ఇదే.

కొండ దారిలో వేరే ప్రమాదం ఉంది. అక్కడ బ్రేకు మీద కాలు తీయకుండా ఉంచితే డిస్కుకు చల్లారే విరామమే దొరకదు, వేడి నెమ్మదిగా ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. కనుక ఆయిల్ పాతబడితే కొండ కూడా క్షమించదు.

తిరుపతి_కొండదారి
మాస్టారు, ఎనిమిదో వంతు శక్తి అయినా మూడు సెకన్లలో అన్న మాటతో మొత్తం అర్థమైంది. మా నాన్నగారి కారు ఆయిల్ ఈ వారమే మార్పిస్తాను.

పోలో_విశాఖ
నేను చదివినంతలో ప్యాడు అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఎఫ్ఎఫ్ కన్నా జీజీ ఉన్నది మంచిదని, ఆ అక్షరాలు చూసి కొంటే చాలని ఒక దుకాణంలో చెప్పారు. అది నిజమేనా?

వరంగల్_లోహశాస్త్రం
సగం నిజం. ఆ అక్షరాల్లో మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్ని, రెండోది వేడెక్కాక ఘర్షణ గుణకాన్ని తెలుపుతుంది. 'ఈ' అక్షరం అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కానీ ఆ పరీక్షను ఒక చదరపు అంగుళం ముక్క మీద చేస్తారు, వేడి కూడా దాదాపు 343 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ట్రాకు మీద డిస్కు ఆ అంకెను మూడో ల్యాపులోనే దాటేస్తుంది. 500 డిగ్రీల దగ్గర ఆ ప్యాడు ఏం చేస్తుందో ఆ రెండు అక్షరాలు చెప్పలేవు. ట్రాకు కోసం చూడవలసింది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఘర్షణ ఎలా మారుతుందో చూపే గీత. అది కంపెనీ తన పత్రంలో ఇస్తే చూడండి, ఇవ్వకపోతే ఆ ప్యాడును ట్రాకు జాబితాలోంచి తీసేయండి.

పోలో_విశాఖ
అలాగే సిరామిక్ ప్యాడ్లు రేసు కార్లవని, ఎంత వేడినైనా తట్టుకుంటాయని కూడా అదే దుకాణంలో అన్నారు.

ఆస్టిన్_86
ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో ఉండే కార్బన్ సిరామిక్ డిస్కుల పేరు విని కలిగే పొరపాటు అది. రోడ్డు కార్లకు అమ్మే సిరామిక్ ప్యాడ్లు చప్పుడు లేకుండా, అల్లాయ్ చక్రాలు నల్లబడకుండా ఉండడానికి చేసినవి. ఆఫీసుకు వెళ్లడానికి చాలా మంచివి, ట్రాకుకు పనికిరావు.

పూనమల్లి_ల్యాపులు
నేను చెన్నైలో ఉంటాను, మా ఇంటి నుంచి ట్రాకు అరగంట దూరం. 1990లో మొదలైన ట్రాకు అది, 3.7 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 12 మలుపులు. అక్కడ ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. పైన ఆస్టిన్ గారు రెండు సెట్లు తప్పవన్నారు. ఆ మాట నాకు పూర్తిగా సమ్మతం కాదు. మొదటి మూడు నాలుగు ట్రాకు రోజుల్లో మన కాలే సరిగా ఉండదు. ఎక్కడ బ్రేకు వేయాలో తెలియక ముందుగానే వేసి, సగం బలంతో చాలాసేపు పట్టి ఉంచుతాం. మాస్టారు చెప్పిన కొండ దారి పద్ధతి అది. దానికి రేసు ప్యాడు వేస్తే, పాఠం నేర్చుకోవలసిన తప్పును ప్యాడు కప్పేస్తుంది. అందుకని నా సలహా ఈ వరుసలో ఉంటుంది. మొదట మంచి ఆయిల్, రెండోది రోడ్డుకూ ట్రాకుకూ మధ్యరకం ప్యాడు, మూడోది సెషన్‌కు, అంటే ఒక్కసారి ట్రాకు ఎక్కినప్పుడు, నాలుగు వేగపు ల్యాపులకు మించి నడపకపోవడం. ఆ తర్వాత మీ వేగం పెరిగి, ఆ ప్యాడు చాలడం లేదని మీ కాలికే తెలిసినప్పుడు రెండో సెట్టు కొనండి.

ఆస్టిన్_86
పూనమల్లి గారి మాటలో న్యాయం ఉంది. అయినా ఒక భయం చెప్పాలి. మధ్యరకం ప్యాడు రెండు పనులూ కొంత కొంత చేస్తుంది. ట్రాకు మీద అది ఎక్కడ ఆగిపోతుందో తెలియని కొత్తవారికి, అది బాగా పనిచేసినంతసేపూ ధైర్యం పెరుగుతూ పోతుంది. నా మొదటి ఏడాది సరిగ్గా అలాగే జరిగింది. పన్నెండో మలుపుకు ప్రతి ల్యాపులో ఐదారు మీటర్లు ఆలస్యంగా బ్రేకు వేస్తూ పోయాను. ఒక ల్యాపులో పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం తడి సబ్బు మీద జారినట్టు పోయింది. అదృష్టవశాత్తు అక్కడ రనాఫ్, అంటే ట్రాకు బయటి ఖాళీ స్థలం, విశాలంగా ఉంది.

మియాపూర్_ఆర్‌ఎస్
ఆస్టిన్ గారు, మీరు ట్రాకు ప్యాడ్లు వేసుకుని ఇంటి నుంచే వెళ్తారా? నేనూ అలా హైదరాబాద్ నుంచే వేసుకుని వెళ్తే కుదరదా?

ఆస్టిన్_86
నేను ముందు రోజు రాత్రి గ్యారేజీలో మార్చుకుని, పొద్దున్నే ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి వెళ్తాను. ప్రతి సిగ్నల్ దగ్గరా కీచుమనే చప్పుడుకు పక్క కారువాళ్లు తిరిగి చూస్తారు. మీరు మాత్రం దయచేసి ఆ పని చేయకండి. పూర్తి ట్రాకు ప్యాడ్లు, ఉదాహరణకు హాక్ డీటీసీ-60 వర్గానివి, వేడి ఎక్కాకే తమ పూర్తి పట్టు చూపిస్తాయి. హైవే మీద అరగంట పాటు బ్రేకు ముట్టకుండా వెళ్తే డిస్కు బయటి గాలి అంత చల్లగా అయిపోతుంది. ఆ స్థితిలో హఠాత్తుగా తొక్కితే మొదటి క్షణంలో మీరు ఆశించినంత పట్టు దొరకదు. పైగా చల్లగా ఉన్నప్పుడు ఆ ప్యాడ్లు డిస్కును ఆకురాయిలా అరగదీస్తాయి.

ఆటోనగర్_పానా
ఈ మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు బెంగళూరు నుంచి అలాంటి ప్యాడ్లతో మా షెడ్డుకు వచ్చాడు. చిలకలూరిపేట దాటాక రాంగ్ రూటులో ట్రాక్టరు ఎదురొచ్చిందట. ఆ ట్రాక్టరుకు ట్రాలీ ఉంది, లైటు లేదు. అతను కాలు బలంగా తొక్కినా మొదట్లో కారు వేగం తగ్గినట్టే అనిపించలేదని, తర్వాత ఒక్కసారిగా పట్టిందని చెప్పాడు. ముందు బంపరుకీ ట్రాలీకీ మధ్య జానెడు దూరం మిగిలిందట. మా దగ్గర ప్యాడ్లు మార్చేదాకా మంచినీళ్లు తాగుతున్నా అతని చేయి వణుకుతూనే ఉంది. మన హైవేల మీద గేదె, టూవీలరు, డివైడరు సందులోంచి దాటే మనిషి ఎప్పుడు వస్తారో చెప్పలేం. చల్లని డిస్కు మీద మొదటి తొక్కుడులోనే పట్టే ప్యాడు రోడ్డుకు కావాలి. తక్కిన గుణాలన్నీ దాని తర్వాతే.

నోయిడా_కుడికాలు
ఇంకొక కోణం. నేను బుద్ధ్ సర్క్యూట్‌లో నడుపుతాను. 5.125 కిలోమీటర్ల ట్రాకు, మూడో మలుపుకూ నాలుగో మలుపుకూ మధ్య స్ట్రెయిట్ కిలోమీటరు దాటి ఉంటుంది. ఇరుంగట్టుకోట్టైలో రోజంతా బాగా పనిచేసిన మధ్యరకం ప్యాడ్లు ఇక్కడ రెండో సెషన్‌కే చేతులెత్తేశాయి. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగింతలు అవుతుంది కనుక, ఫలానా ప్యాడు ట్రాకుకు సరిపోతుందని ఎవరైనా అంటే, ఏ ట్రాకుకు, ఏ బరువున్న కారుకు, ఎన్ని ల్యాపులకు అని అడగండి. ఆస్టిన్ గారి జీఆర్86 మియాపూర్ గారి కారు కన్నా తేలిక. ఇద్దరికీ ఒకే సలహా వర్తించదు.

పోలో_విశాఖ
ముందు చక్రాలకు మాత్రమే మంచి ప్యాడ్లు వేసి, వెనక పాతవే ఉంచితే ఖర్చు తగ్గుతుంది కదా?

పూనమల్లి_ల్యాపులు
చాలామంది అలాగే మొదలుపెడతారు, కొత్తలో కారు నిలకడగానే ఉంటుంది. కానీ ముందు పట్టు పెరిగి వెనకది అలాగే ఉంటే, ముందు చక్రాలు ఇంకా ఎక్కువ పని మోస్తాయి, ఇంకా వేడెక్కుతాయి. ఇంకో సంగతి. స్థిరత్వ నియంత్రణను పూర్తిగా ఆన్‌లో ఉంచి ట్రాకు మీద నడిపితే, కారును దారిలో ఉంచడానికి అది మనకు తెలియకుండానే ఒక్కో చక్రానికి బ్రేకు వేస్తూ ఉంటుంది. ఒకసారి నా వెనక ప్యాడ్లు ముందువాటి కన్నా త్వరగా అరిగిపోతే కారణం తెలియక నెల రోజులు తల పట్టుకున్నాను. అలాగే ఈ వర్గపు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఉండే ఎక్స్‌డీఎస్ లాంటి ఏర్పాటు, మలుపులో లోపలి ముందు చక్రానికి బ్రేకు వేసి పట్టు సాధిస్తుంది. అది కూడా వేడే.

మియాపూర్_ఆర్‌ఎస్
ఇప్పటిదాకా నాకు అర్థమైనది చెబుతాను, తప్పుంటే దిద్దండి. ఆయిల్ వెంటనే మార్చాలి. రేసు ప్యాడ్లతో హైవే ఎక్కకూడదు. ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి, మధ్యరకం ప్యాడ్లు వేసుకుని తక్కువ ల్యాపులు నడపడం. రెండోది, రోడ్డు ప్యాడ్లతో చెన్నై వెళ్లి, అక్కడ ట్రాకు ప్యాడ్లు మార్చుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకుని రావడం. రెండో దారిలో ఒకే డిస్కు మీద రెండు రకాల ప్యాడ్లు నడుస్తాయి కదా, దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?

వరంగల్_లోహశాస్త్రం
ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. ప్యాడు డిస్కును రెండు విధాలుగా ఆపుతుంది. ఒకటి రాపిడి. రెండోది, ప్యాడు పదార్థం డిస్కు మీద కంటికి ఆననంత సన్నని పొరలా అంటుకుని, ఆ పొరకూ ప్యాడుకూ మధ్య బంధాలు ఏర్పడుతూ తెగుతూ ఉండడం. కొత్త ప్యాడు వేశాక పదేసిసార్లు వేగం పెంచి తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లార్చమనేది ఆ పొర సమంగా పరుచుకోవడానికే. ఒక కంపెనీ రోడ్డు ప్యాడు వేసిన పొర మీద మరో రకం ట్రాకు ప్యాడు నడిస్తే పొర అతుకులు అతుకులుగా మిగిలి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణుకుతుంది. జనం దాన్ని డిస్కు వంకర పోయిందంటారు. చాలా సందర్భాల్లో డిస్కు వంగదు, దాని మీది పొర ఎగుడుదిగుడు అవుతుంది. రెండు సెట్లు వాడేవారు వీలైతే రెండు జతల డిస్కులు పెట్టుకోవాలి, లేదా ఒకే కంపెనీ తన రెండు రకాలూ ఒకే డిస్కు మీద నడుస్తాయని చెప్పినవి ఎంచుకోవాలి.

ఆటోనగర్_పానా
మాస్టారు చెప్పింది నేను చేత్తో చూసిన సంగతే. స్టీరింగు వణుకుతోందని డిస్కును లేతు మీద పట్టించమని తెస్తారు. డయల్ గేజి పెట్టి చూస్తే డిస్కు తిన్నగానే ఉంటుంది, మీద మాత్రం ప్యాడు ఆకారంలో ముదురు మచ్చ ఉంటుంది. వేడి డిస్కు మీద ప్యాడును నొక్కి పట్టి ఉంచితే ఆ మచ్చ పడుతుంది. అందుకే ట్రాకు నుంచి పిట్‌లోకి రాగానే బ్రేకు మీద కాలు ఉంచకండి, హ్యాండ్ బ్రేకు వేయకండి. గేరులో పెట్టి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టండి. చివరి ల్యాపు బ్రేకు వాడకుండా నెమ్మదిగా తిరిగి రండి.

మియాపూర్ గారికి మాత్రం పూనమల్లి గారి దారే మేలని నా అభిప్రాయం. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారికి రెండు జతల డిస్కులు బరువే. ఆయిల్ మాత్రం డాట్ 4లోనే రేసింగ్ రకం పోయించండి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అయితే కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం 312 డిగ్రీలు, తేమ చేరాక 205. ఏడాదికి ఒకసారి, ట్రాకు రోజుకు ముందు మార్చండి. పాత ఆయిల్ మీద కొత్తది పోసి సరిపెట్టకండి. నాలుగు చక్రాల దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుళ్ల నుంచీ తేటగా వచ్చేదాకా గాలి తీయించండి. ముందు డిస్కుల మీద గోరు తగిలేంత పగుళ్లు ఉంటే అవి కూడా మార్చేయండి. సన్నటి వెంట్రుక గీతలైతే భయం లేదు.

ఆస్టిన్_86
ఈ పరిస్థితికి నేనూ ఆ మాటకే ఓటు వేస్తున్నాను. ముప్పై కిలోమీటర్ల దూరంలో ట్రాకు ఉన్న నా లెక్క వేరు, వారి లెక్క వేరు. మధ్యరకంలో పేరున్నవాటిలో ఫెరోడో డీఎస్2500 ఒకటి. చల్లగా ఉన్నప్పుడూ పట్టు ఇస్తుంది, కంపెనీ చెప్పే సగటు ఘర్షణ గుణకం 0.42, ఉష్ణోగ్రత హద్దు 500 డిగ్రీలు. ఏ కంపెనీది కొన్నా ఆ రెండు అంకెలు చూసి కొనండి. పెట్టె మీద ముద్ర, లోపలి ప్యాడు వీపు మీద ముద్ర సరిపోల్చుకోండి, నకిలీలు అక్కడే దొరికిపోతాయి. ఇంకొకటి, సగం కన్నా ఎక్కువ అరిగిన ప్యాడుతో ట్రాకుకు వెళ్లకండి. ప్యాడు మందమే డిస్కు వేడికీ ఆయిల్‌కూ మధ్య ఉన్న గోడ.

వరంగల్_లోహశాస్త్రం
ఊహ మీద కాకుండా కొలిచి చూడండి. ఉష్ణోగ్రతను బట్టి రంగు మారే పెయింటు దొరుకుతుంది. డిస్కు బయటి అంచున మూడు చుక్కలు పెడితే, ఆకుపచ్చది 430 డిగ్రీల దగ్గర తెల్లబడుతుంది, నారింజది 560 దగ్గర పసుపు పచ్చగా మారుతుంది, ఎర్రది 610 దగ్గర తెల్లబడుతుంది. మీ ప్యాడు హద్దుతో పోల్చుకుంటే, మీ కాలికి ఏ ప్యాడు కావాలో ఆ చుక్కలే చెబుతాయి.

పూనమల్లి_ల్యాపులు
పెయింటు నా దగ్గర ఉంది. ముందు రోజు సాయంత్రం మా షెడ్డుకు రండి. మీ కారు ముందు క్యాలిపర్ జారే గైడు పిన్నులకు 7 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది, అది తెచ్చుకుంటే చాలు, జాకీ స్టాండ్లు ఇక్కడ ఉన్నాయి. వెనక ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లయితే పిస్టన్‌ను బలవంతంగా నొక్కకూడదు, స్కానర్‌తో సర్వీసు మోడ్‌లో పెట్టాలి. వచ్చే ఇతర సభ్యులు ఇది గుర్తుంచుకోండి.

మియాపూర్_ఆర్‌ఎస్
ఏడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నాలుగు చక్రాలకూ ఒకే మధ్యరకం ప్యాడ్లు, ముందు కొత్త డిస్కులు, రేసింగ్ ఆయిల్ వేసుకుని మొన్న ఆదివారం వెళ్లి వచ్చాను. ముందు రోజు రాత్రి పూనమల్లి గారి షెడ్డులో ముందు డిస్కుల అంచులకు చుక్కలు పెట్టాం. వారింట్లో పెట్టిన చింతకాయ పచ్చడి అన్నం రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఉదయం మొదటి సెషన్ అంతా ప్యాడ్లను అలవాటు చేయడానికే వాడాను. రెండో ల్యాపులో ఘాటైన వాసన వచ్చి, కాసేపు పట్టు తగ్గి, మళ్లీ తిరిగి వచ్చింది. కొత్త రెసిన్ నుంచి వాయువులు బయటికి పోయేటప్పుడు అలా ఉంటుందని పూనమల్లి గారు ముందే చెప్పడంతో కంగారు పడలేదు. తర్వాతి రెండు సెషన్లు నాలుగు వేగపు ల్యాపుల చొప్పున నడిపాను. పెడల్ మొదటి ల్యాపులో ఎక్కడ ఉందో చివరి ల్యాపులోనూ అక్కడే ఉంది. ఆకుపచ్చ చుక్క తెల్లబడింది, నారింజ మారలేదు. మధ్యాహ్నం ఎండలో తెలిసే చేసిన ప్రయత్నంగా ఆరు ల్యాపులు నడిపాను. ఆరో ల్యాపులో పెడల్ గట్టిగానే ఉంది, కానీ ఇదివరకటి కన్నా బలంగా తొక్కాల్సి వచ్చింది. వెంటనే వేగం తగ్గించి చల్లార్చుకుంటూ వచ్చేశాను. చూస్తే రెండు వైపులా నారింజ చుక్క పసుపు పచ్చగా మారింది, ఎర్రది అలాగే ఉంది. అంటే 560 దాటింది, 610 చేరలేదు. ప్యాడు హద్దు 500.

తిరుగు ప్రయాణంలో కావలి దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. కాలు పెట్టిన మొదటి క్షణంలోనే కారు పట్టింది. ఆ క్షణంలో పానా గారి ట్రాక్టరు కథ గుర్తుకొచ్చింది.

నోయిడా_కుడికాలు
నాలుగు ల్యాపులకు సరిపోతుంది, ఆరుకు చాలదు అని అంకెలతో తేల్చారు. బుద్ధ్‌కు వస్తే మాత్రం ఆ నాలుగు కూడా రెండుగా లెక్క వేసుకోండి.

ఆస్టిన్_86
రెండో సెట్టు కొంటున్నారా మరి?

మియాపూర్_ఆర్‌ఎస్
ఈ ఏడాదికి కొనడం లేదు. నాలుగు ల్యాపులు నడిపి, ఒక ల్యాపు చల్లార్చి లోపలికి వచ్చేస్తాను. వచ్చే ఏడాది అదే కంపెనీ ట్రాకు రకం కొని, పూనమల్లి గారి షెడ్డులో ఉంచేస్తాను. వారు ఒప్పుకున్నారు.

ఆటోనగర్_పానా
ప్యాడ్ల మందం ఎంత మిగిలిందో కొలిచారా? లోపలి ప్యాడు, బయటి ప్యాడు విడివిడిగా చెప్పండి.

మియాపూర్_ఆర్‌ఎస్
ఇప్పుడే కొలిచాను. కుడి ముందు బయటిది 9 మిల్లీమీటర్లు, లోపలిది 8.8. ఎడమ ముందు బయటిది 9, లోపలిది 7.9.

ఆటోనగర్_పానా
ఎడమవైపు లోపలిదీ బయటిదీ మధ్య ఒక మిల్లీమీటరు పైన తేడా ఉంది కదా, ఆ క్యాలిపర్ గైడు పిన్ను జారడం లేదు. విప్పి శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాసి, రబ్బరు బూటు కాలిపోయిందేమో చూడండి. మళ్లీ ట్రాకుకు వెళ్లేలోపు ఈ పని తప్పకుండా చేయించండి.

మియాపూర్_ఆర్‌ఎస్
బూటు అంచు మాడి చీలింది. శనివారం మార్పిస్తున్నాను.